మా నాయన తేనె పాస్ కాలేదు



పోయిన వారం మన గ్రూపులో తేనె అమ్మకం గురించి మాట వచ్చింది. "మనది అడవి తేనె, కల్తీ లేనిది. మనకి లేబుల్ ఎందుకు, ఫుడ్ లైసెన్స్ ఎందుకు, అవన్నీ కంపెనీలోళ్లకి" అని ఒక అన్న రాశాడు. చాలామంది లైక్ కొట్టారు. రెండేళ్ల కింద అయితే నేను కూడా కొట్టేవాణ్ణే. ఇప్పుడు కొట్టలేకపోయాను. ఎందుకో రెండు లైన్లలో చెప్తే గొడవ అయ్యేటట్టు ఉంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపికుంటే చదవండి.

మాది నల్లమల. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డుకి లోపల ఒక పెంట. చెంచులం. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. టౌన్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ బీజెడ్‌సీ చదువుతున్నా, ఇప్పుడు ఫైనల్ ఇయర్. 2024 మే సెలవులకి పోయి తిరిగి వచ్చేటప్పుడు నాయన పన్నెండు సీసాల తేనె కట్టి ఇచ్చాడు. కూల్‌డ్రింకు సీసాలే, కడిగి ఎండబెట్టినవి. పరీక్ష ఫీజుకి, రికార్డు బుక్కులకి పనికొస్తుందని. కిలో 500 లెక్కన హాస్టల్‌లో వంట అక్కకి ఒకటి, మిగతావి కాలేజీలో సార్లకి, ఆఫీసు వాళ్లకి అమ్మాను. అందరూ "అడవి తేనెనా, ఒరిజినలేనా" అని సంతోషంగానే తీసుకున్నారు.

ఆగస్టులో ఒక సార్ స్టాఫ్ రూంకి పిలిపించారు. టేబుల్ మీద మా సీసా ఉంది, మూత లేదు. రాత్రి దానంతట అదే టప్‌మని ఎగిరిపోయిందంట, వంటింట్లో గోడ మీదంతా చిమ్మిందంట. సీసాలో పైన నురగ తేలి ఉంది. వాసన చూడమన్నారు. కల్లు వాసన.

"తేనె ఎక్కడైనా పులుస్తుందా? బెల్లం పాకం కలిపితేనే పులుస్తుంది" అన్నారు సార్. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆయన జాలిగా అన్నారు. "ఇబ్బందులు ఉంటాయి, నాకు తెలుసు. కానీ చదువుకునేవాడివి, నువ్వు కూడానా" అన్నారు. పక్కన ఇంకో ముగ్గురు సార్లు పేపర్లు దిద్దుకుంటూ వింటున్నారు. తర్వాత బ్యాగులోంచి షాపు తేనె సీసా తీసి మా సీసా పక్కన పెట్టారు. బంగారం రంగు, లోపల వెంట్రుకంత నలుసు లేదు. వెనక తిప్పి చూపించారు. "ఇది రెండేళ్లైనా ఇట్లాగే ఉంటుంది. ఏమన్నా అయితే నంబర్ ఉంది, ఫోన్ చేసి అడుగుతా. నీ దాని మీద ఏముంది?"

మా సీసా మీద కూల్‌డ్రింకు కంపెనీ పేరు ఉంది, సగం చినిగి. 500 ఫ్రెండ్ దగ్గర అప్పు తీసుకుని ఇచ్చేశాను.

ఆ తేనె ఎట్లా వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ రాత్రి నేను కొండ కింద ఉన్నా. పెర ఈగల తేనె అది. జుంటితేనె, తొర్రతేనె లాగా చేతికి అందే చోట ఉండదు, రాతి చరియకి వేలాడుతుంది. వెన్నెల లేని రాత్రి చూసుకుని దిగుతారు. పైన చెట్టుకి తాడు కట్టి, ఆ తాడు కాడ మా మేనమామ కూర్చుంటాడు. మిగతా తెగల వాళ్లకి తెలియదేమో, మా చెంచుల్లో ఇది పాత పద్ధతి: దిగేవాడి బామ్మర్దే తాడు కాయాలి. సొంత అన్నదమ్ములు పనికిరారు. అన్నదమ్ముల మధ్య ఎన్ని పంతాలైనా ఉంటాయి, బామ్మర్ది మాత్రం తన అక్క బొట్టు తనే చెరపడు కదా అని లెక్క. నాయన దిగుతుంటే పచ్చాకు పొగ, పైనుంచి మామ పిలుపు, కిందనుంచి నాయన "ఊఁ" అనడం, మధ్యలో ఈగల హోరు. ఆ హోరు విన్నోళ్లకే తెలుస్తుంది, వాన వచ్చేటట్టు ఉంటుంది. తెల్లారి అమ్మ నాయన వీపు మీద, చేతుల మీద ముళ్లు తీస్తుంటే లెక్కపెట్టాను, ముప్పై దాటినాక ఆపేశాను.

కాబట్టి ఆ తేనెలో బెల్లం లేదు. మరి పులిసింది ఎందుకు? అది నాకు పట్టుకుంది.

మా కెమిస్ట్రీ మేడమ్‌కి చెప్పాను. ఆమె నవ్వలేదు, అదే గొప్ప. ల్యాబ్‌లో రిఫ్రాక్టోమీటర్ ఉంది, అద్దం మీద ఒక్క చుక్క వేసి చూస్తే వెలుతురు ఎంత వంగిందో చెప్తుంది, దాన్ని బట్టి టేబుల్ చూసి తేనెలో నీళ్ల శాతం లెక్క కట్టొచ్చు. వంట అక్క దగ్గర మిగిలిన తేనె తెచ్చి పెట్టాను. 23 దగ్గర వచ్చింది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటారు కదా) పెట్టిన రూలు ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. అంటే మా నాయన ముప్పై ముళ్లు తిని తెచ్చిన తేనె చట్టం లెక్కలో పాస్ కాలేదు.

మేడమ్ ఇట్లా చెప్పారు. ఈగలు పూల రసం తెచ్చినప్పుడు దాంట్లో నీళ్లు చాలా ఉంటాయి. రెక్కలతో విసిరి విసిరి ఆరబెట్టి, పక్వానికి వచ్చినాక గదికి మైనం మూత వేస్తాయి. మూత పడకముందే కోస్తే నీళ్లు ఎక్కువ. పైగా మనం పెరని మొత్తంగా చేత్తో పిండుతాం, పిల్ల ఈగల రసం కూడా దాంట్లో కలుస్తుంది. నీళ్లు ఎక్కువ ఉన్న చోట ఈస్ట్ బతుకుతుంది, పులియబెడుతుంది, గ్యాస్ పుడుతుంది, మూత ఎగురుతుంది. బెల్లంతో పని లేదు. సార్ చెప్పిన కారణం తప్పు. కానీ తేనె చెడిపోయిన మాట నిజం.

ఇక ఆ షాపు సీసా సంగతి. దాని గురించి వెతికితే 2020 డిసెంబర్ నాటి విషయం దొరికింది. ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ అని ఒక సంస్థ ఉంది, సునీతా నారాయణ్ గారు నడుపుతారు. వాళ్లు చిన్నా పెద్దా కలిపి 13 బ్రాండ్ల తేనె కొని పరీక్ష చేయించారు. ముందు గుజరాత్‌లో ఒక ల్యాబ్‌కి పంపితే పెద్ద బ్రాండ్లు దాదాపు అన్నీ పాస్. అదే తేనెని జర్మనీ ల్యాబ్‌లో ఎన్ఎంఆర్ అనే పరీక్షకి పంపితే 13లో 3 బ్రాండ్లే నిలబడ్డాయి. అంతటితో ఆగలేదు. చక్కెర పాకం తయారుచేసే వాళ్ల దగ్గర వీళ్లే పాకం కొని, మంచి తేనెలో సగం దాకా కలిపి మన దేశంలో పెట్టిన పరీక్షలకే పంపారు. పాస్ అయిపోయింది. ఆ పాకానికి వ్యాపారంలో పేరే "ఆల్ పాస్" అంట. పేరు చూడండి! మనం సప్లిమెంటరీలు రాసి రాసి చస్తుంటే, పాకానికి ఆల్ పాస్.

కంపెనీలు ఒప్పుకోలేదు. మా తేనె అన్ని నిబంధనలకి లోబడే ఉంది అన్నాయి. నాకు ఆ జవాబే భయం వేసింది. ఎందుకంటే నిబంధనలకి లోబడి ఉండొచ్చు కూడా.

ఇది ఎట్లా సాధ్యమో బోటనీ చదివేవాళ్లకి తొందరగా అర్థమవుతుంది. సీ3 మొక్కలు, సీ4 మొక్కలు అని చదువుతాం కదా, హాచ్-స్లాక్ మార్గం, పదిహేను మార్కుల ప్రశ్న. చెరకు, మొక్కజొన్న సీ4. ఈగలు తిరిగే పూల చెట్లు ఎక్కువ శాతం సీ3. రెండు రకాల చక్కెరలో కార్బన్ ఐసోటోపుల లెక్క వేరుగా ఉంటుంది, అందుకని తేనెలో చెరకు పాకం, మొక్కజొన్న పాకం కలిపితే ల్యాబ్‌లో దొరికిపోతుంది. అట్లా దొరికిపోతుందని కల్తీ చేసేవాళ్లు బియ్యం పాకానికి, బీట్‌రూట్ జాతి దుంప పాకానికి మారారు. వరి సీ3. పూల లెక్కలో కలిసిపోతుంది. దానికి వేరే పరీక్ష పెడితే దాన్ని కూడా తప్పించుకునే పాకం తయారుచేశారు. ఎన్ఎంఆర్ అయితే తేనె మొత్తం గుర్తులన్నీ ఒకేసారి చూస్తుంది. 2020 ఆగస్టు నుంచి విదేశాలకి పంపే తేనెకి మన ప్రభుత్వం దాన్ని తప్పనిసరి చేసింది. ఇక్కడ మనం తినే తేనెకి కాదు.

ఇది చదివినాక నెలరోజులు నేను ఆ అన్న లాగానే మాట్లాడాను. హాస్టల్‌లో ఎవడు తేనె పేరెత్తినా మొదలుపెట్టేవాణ్ణి. చట్టం కంపెనీలది, పరీక్ష కంపెనీలది, నిజమైన తేనె ఫెయిల్, పాకం పాస్ అని. మా రూంలో వాళ్లు యూట్యూబ్ చూసి ఇంటి పరీక్షలు కూడా చేశారు. నీళ్ల గ్లాసులో చుక్క వేయడం, వత్తికి రాసి వెలిగించడం. వత్తి పరీక్షలో మా తేనె చిటపటమంది. అందరూ నా మొహం చూశారు. చిటపటమనేది నీళ్లకి, పాకానికి కాదు. చిక్కగా కాచిన పాకం రాస్తే వత్తి చక్కగా వెలుగుతుంది. అసలైన తేనెని కుక్క ముట్టదు అని ఇంకొకడు. మా పెంటకి రమ్మనండి, పెర పిండిన మైనం కోసం కుక్కలు కొట్లాడుకుంటాయి.

అయితే ఇంత మాట్లాడుతున్నప్పుడు కూడా ఒక సంగతి గొంతులో అడ్డం పడేది. దాన్ని ఇక్కడ మొదటిసారి రాస్తున్నా.

2019లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, నేను తేనెలో పాకం కలిపాను. ఆ ఏడు వానలు సరిగా లేవు, పూత లేదు, పెరలు తక్కువ. నేను, మా పెదనాయన కొడుకు ఘాట్ రోడ్డు మీద శ్రీశైలం యాత్రికులకి సీసాలు అమ్మేవాళ్లం. ఒక కారు ఆగితే అందరికీ కావాలి, మా దగ్గర మూడే సీసాలు. మర్నాడు మేమిద్దరం రేషన్ చక్కెర కాచి, కొంచెం బెల్లం వేసి రంగు తెచ్చి, మూడు సీసాలని ఐదు చేశాం. పైన చిన్న మైనం ముక్క, ఒక చచ్చిన ఈగ వేశాం, నమ్మకానికి. ఆ ఐడియా నాదే. ఐదూ అమ్ముడుపోయాయి. ఒక ముసలమ్మ మనవరాలి దగ్గు కోసమని కొనుక్కుని, "అడవి బిడ్డలు అబద్ధం ఆడరు" అని ఇంకో పది రూపాయలు ఎక్కువ ఇచ్చింది.

నాయనకి గిన్నె చూస్తే తెలిసిపోయింది. కొట్టలేదు. "ఇది పైనుండి తాడు కోయడమేరా" అన్నాడు. అంతే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నన్ను మళ్లీ రోడ్డు మీదకి పంపలేదు.

అందుకని సార్ "పాకం కలిపారు" అన్నప్పుడు నాకు మాట రాకపోవడానికి కారణం అవమానం ఒక్కటే కాదు. ఆయన అనుమానించింది తప్పు సీసాని, కానీ తప్పు మనిషిని కాదు. రోడ్ల మీద మన పేరు చెప్పి, మన వేషం వేసి పాకం అమ్మేవాళ్లు వేరే ఊళ్ల నుంచి వస్తారు, నిజమే. మనవాళ్లలో కూడా ఉన్నారు, అది కూడా నిజం. ఇంకోటి, "షుగర్ ఉన్నోళ్లు కూడా తినొచ్చు, షుగర్ తగ్గుతుంది" అని అమ్మేవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. దయచేసి ఆపండి. తేనె అంటే గ్లూకోజు, ఫ్రక్టోజే. అవి 65 శాతానికి తక్కువ ఉంటే చాలా రకాలకి చట్టమే అది తేనె కాదంటుంది. దాన్ని షుగర్ మందు అని ఎట్లా చెప్తాం? కంపెనీవాడి లేబుల్ మీద అబద్ధం ఉందని తిట్టి, మనం నోటితో అదే అబద్ధం చెప్తే ఎట్లా?

కానీ చట్టం మీద నా కోపం పూర్తిగా పోలేదు. 20 శాతం అనే గీత ఎవరికి సులువు? పెట్టెల్లో ఈగల్ని పెంచేవాళ్లకి, పెద్ద యంత్రాలతో తేమ లాగేసే ఫ్యాక్టరీలకి. అడవిలో, గాలిలో తడి ఉండే రోజుల్లో, పెర ఈగల తేనె ఆ గీత దాటడం మామూలు. మనం ఇంట్లో పొయ్యి మీద కాచి నీళ్లు తగ్గిద్దామంటే ఇంకో చిక్కు. కాస్తే హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, దానికి కూడా కిలోకి 80 మిల్లీగ్రాములు అని హద్దు ఉంది. మా పిన్ని వాళ్లు పులవకుండా కాచి పెడతారు, పాపం అది మంచిదనే అనుకుంటారు. అడవి తేనెకి వేరే ప్రమాణం పెట్టమని మన సంఘాలు అడగాలి అని నా అభిప్రాయం. అడిగేటప్పుడు చేతిలో లెక్కలు ఉండాలి. "మాది స్వచ్ఛం" అనే మాట లెక్క కాదు.

ఈ ఏడు ఏం చేశామో చెప్తా. చలికాలంలో అమ్మ పేరు మీద ఫుడ్ రిజిస్ట్రేషన్‌కి పెట్టాం. అప్పటి రూలు ప్రకారం ఏడాది అమ్మకం 12 లక్షల లోపు ఉన్న చిన్నవాళ్లకి లైసెన్స్ అక్కర్లేకుండా రిజిస్ట్రేషన్ సరిపోయేది. మేము పెట్టినప్పుడు ఏడాదికి ఫీజు 100. నెట్ సెంటర్ వాడు 600 తీసుకున్నాడు, మీరు సొంతంగా ఫోన్లోనే పెట్టుకోండి. అడ్రస్ కాడ డోర్ నంబర్ అడుగుతుంది, మా పెంటలో డోర్లే సరిగా లేవు, ఆధార్‌లో ఉన్నట్టే రాశాం. పద్నాలుగు అంకెల నంబర్ వచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని పెళ్లి ఫోటో పక్కన పెట్టింది.

కోత మాత్రం సులువు కాలేదు. మూత పడిన పెరే కోద్దామని నేనన్నా. మామ ఒప్పుకోలేదు. "నువ్వు ఆగమంటే ఎలుగు ఆగుతుందా? పక్క పెంటోళ్లు ఆగుతారా?" అన్నాడు. ఆయన మాట కూడా అబద్ధం కాదు. నాలుగు రోజులు ఆగాం, ఒక పెర నిజంగానే పోయింది. మిగతా వాటిలో తేనె ఉన్న భాగమే కోసి, పిల్లల గదులున్న భాగం చరియకే వదిలేశాం. చేత్తో పిండకుండా కత్తితో మూతలు గీసి, స్టీలు గిన్నె మీద గుడ్డలో వేలాడదీశాం. రాత్రంతా చుక్క చుక్కగా కారింది. పోయినేడు వచ్చిన దాంట్లో సగం కూడా రాలేదు. అమ్మ ఆ గిన్నె చూసి ఏమీ అనలేదు, నాకు మాత్రం వణుకు వచ్చింది, ఇంటిల్లిపాదికి నష్టం తెచ్చానేమో అని.

కాలేజీ ల్యాబ్‌లో కొలిచాను. మూత పడిన గదుల తేనె 19.5. అదే పెరలో మూత పడని అంచు నుంచి తీసి వేరుగా పెట్టింది 22. ఒకే చరియ, ఒకే రాత్రి. 19.5 వచ్చింది తొమ్మిది గాజు సీసాలు అయింది. మిగతాది ఇంట్లోకి.

లేబుల్ హాస్టల్‌లోనే కంప్యూటర్ ఉన్న సీనియర్ అన్నతో చేయించా. పేరు, బరువు, కోసిన నెల, బ్యాచ్, ఎప్పటిలోపు వాడాలి, రిజిస్ట్రేషన్ నంబర్, అడ్రస్. శాకాహారం అని పచ్చచుక్క కూడా పెట్టాలి. ఈగ జంతువే అయినా తేనెని రూల్స్‌లో మాంసాహారం లెక్కలోంచి తీసేశారు. ఫిర్యాదులకి నా ఫోన్ నంబరే వేశాను, ఎందుకంటే నాయన ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే బండ ఎక్కాలి. ల్యాబ్ తేమ లెక్క లేబుల్ మీద వేయలేదు. గుర్తింపు ఉన్న ల్యాబ్ కాదు కదా, అడిగిన వాళ్లకి నోటితో చెప్తున్నా. గుర్తింపు ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ చేయించాలంటే వేలల్లో అవుతుందన్నారు, అది మా తొమ్మిది సీసాల వల్ల కాదు.

నాయనకి చదవడం రాదు. లేబుల్ మొత్తం చదివించుకున్నాడు. అంతా విని, "తాడు పట్టినోడి పేరేది?" అన్నాడు. అట్లాంటి కాలమ్ లేదు నాయనా అన్నా. కాసేపు ఊరుకుని, "మరి దిగినోడి పేరుందా?" అన్నాడు. అది కూడా లేదు. అమ్మ పేరు ఉంది, రిజిస్ట్రేషన్ ఆమెదే కాబట్టి. సీసాల వెనక ఖాళీ ఉన్న చోట పెన్నుతో ఇద్దరి పేర్లూ రాశాను. రూల్ ప్రకారం రాయొచ్చో లేదో చూడలేదు.

ఎనిమిది అమ్ముడుపోయాయి, కిలో 700 లెక్కన. తొమ్మిదోది ఆ సార్‌కి తీసుకుపోయి ఇచ్చాను, డబ్బులు వద్దన్నా. ఆయన లేబుల్ రెండు పక్కలా చదివి, తేమ ఎంత అని అడిగి, ఎవరు కొలిచారు అని అడిగారు. నేనే సార్ అన్నా. "సరే, ఆగస్టు దాటనీ" అని స్టాఫ్ రూం బీరువా మీద పెట్టారు. ఇప్పుడు జూలై. అటు పోయినప్పుడల్లా ఆ మూత చూస్తున్నా.

పాడేరు, రంపచోడవరం, ఏటూరునాగారం, మన్ననూరు వైపు వాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కదా. మీ దగ్గర ఎవరైనా తేనె తేమ కొలిచి ఉంటే ఏ నెలలో కోసింది, ఏ ఈగ, ఎంత వచ్చింది అని కింద రాయండి. కొలవడానికి లేకపోతే ఒక చిన్న సీసాలో పంపండి, ల్యాబ్‌లో చుక్కే పడుతుంది. 20 దాటినవి కూడా పంపండి. అవే ఎక్కువ కావాలి.